ఫరహాబాద్ సఫారీకి ఒక్కరోజు కారు ప్రయాణం: నా అనుభవం

మా నాన్న 1975 ప్రాంతంలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, అమ్రాబాద్ పీఠభూమి మీద ఒక చిన్న బడిలో రెండేళ్లు పాఠాలు చెప్పారు. ఆ తరువాత మైదాన ప్రాంతానికి బదిలీ అయి, హైదరాబాదులో స్థిరపడి, పదవీ విరమణ చేసి కూడా చాలా ఏళ్లయింది. అయినా ఇంట్లో అడవి మాట వచ్చినప్పుడల్లా ఆయన ఆ పీఠభూమి మీది అటవీ ప్రాంతమైన ఫరహాబాద్ దగ్గరే ఆగుతారు. మొన్న సంక్రాంతినాడు భోజనాల వేళ, "మోకాళ్లు పూర్తిగా మొండికేయకముందే ఒక్కసారి అక్కడికి వెళ్లి రావాలమ్మా" అన్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి, చక్కెర వ్యాధి ఉన్నవారు, కొత్త చోట రాత్రి నిద్ర పట్టని స్వభావం. కాబట్టి తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడకముందే ఇంటికి చేరేలా సొంతంగా ఒక కారు మాట్లాడుకుని వెళ్లాలని నిర్ణయించుకున్నాము. నాన్న, అమ్మ, మావారు, నేను, పిల్లలిద్దరూ, మొత్తం ఆరుగురం. ఆ ఒక్క రోజు కోసం నేను దాదాపు ఐదు వారాలు ఏర్పాట్లు చేశాను. పెద్దవాళ్లను తీసుకుని ఇలాంటి ప్రయాణం చేయాలనుకునే వారికి పనికివస్తుందని ఆ వివరాలన్నీ రాస్తున్నాను.

మొదట ఇంకో పులుల అభయారణ్యమైన కవ్వాల్ కూడా మనసులోకి వచ్చింది. కానీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి జన్నారం వైపు వెళ్లి, అడవి చూసి, అదే రోజు తిరిగి రావడం పెద్దవాళ్లతో అయ్యే పని కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అలా కాదు. శ్రీశైలం రహదారి మీద మన్ననూరు మా ఇంటికి సుమారు నూట నలభై కిలోమీటర్లు, అంటే దాదాపు మూడు గంటల ప్రయాణం. నాన్న పనిచేసిన రోజుల్లో ఇది పులుల అభయారణ్యం కాదు. నాగార్జునసాగర్-శ్రీశైలం పేరిట 1983లో పులుల రక్షణ పథకమైన ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్‌గా తెలంగాణకు మిగిలింది. మొత్తం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతమే. ఈ అంకెలు పిల్లలకు ముందే చెప్పాను. అంత విశాలమైన అడవిలో ఏ జంతువైనా మన కంటబడడం దాని ఇష్టం మీద ఆధారపడి ఉంటుందని వాళ్లకు అర్థం కావాలనుకున్నాను. నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో బస్సెక్కి సింహాలను చూసిన పిల్లలు ఇక్కడా అదే ఆశతో వస్తే నిరాశపడతారు. పెద్దవాడికి పదకొండేళ్లు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు. చిన్నదానికి మాత్రం, పులి కనబడకపోతే ఏమేమి చూడవచ్చో ఒక జాబితా రాసి ఇవ్వవలసి వచ్చింది. దుప్పి, కణితి, మనుబోతు, కొండముచ్చు, నెమలి, బెట్టుడుత, రేచుకుక్క అని రాసి, కనబడినదాని పక్కన గీత పెట్టమన్నాను.

తేదీ కుదర్చడం నేను అనుకున్నదానికంటే కష్టమైంది. వానాకాలంలో, జూలై మొదలు సెప్టెంబరు దాకా, సఫారీ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో జంతువులు నీటి గుంటల దగ్గర కనబడే అవకాశం ఎక్కువే గానీ, ఆ ఎండలో పైకప్పు మాత్రమే ఉన్న జీపులో నాన్నను కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు. పైగా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర జరుగుతుంది. ఆ జాతరకు వెళ్లే దారి కూడా ఫరహాబాద్ గేటు నుంచే కాబట్టి, ఆ రోజుల్లో అక్కడ అడవి చూద్దామనుకోవడం జరిగే పని కాదు. ఇదంతా లెక్క వేసుకుని ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఖరారు చేసి, క్యాలెండరు మీద గుండ్రం కూడా చుట్టాను. అది చూసిన అమ్మ, "ఆ వారంలో శివరాత్రి కదే, రోడ్డంతా శివస్వాములు నడుస్తుంటారు" అన్నది. నిజమే. శివరాత్రికి ముందు ఆ రహదారి పొడుగునా పాదయాత్ర చేసేవారు, వారికి అన్నదానం చేసే పందిళ్లు, శ్రీశైలం బస్సులు ఉంటాయి. తెల్లవారుజామున చీకట్లో నడిచే మనుషుల పక్కనుంచి కారులో వేగంగా పోవడం మంచిది కాదు, అది మన సౌకర్యానికి మించిన విషయం. అందుకని శివరాత్రి గడిచాక, మార్చి మొదటి వారంలో, వారం మధ్యన ఒక బుధవారానికి మార్చుకున్నాము. పిల్లల బడికి ఒకరోజు సెలవు చీటీ రాశాను.

ఈ రహదారికి తనదైన గడియారం ఒకటి ఉంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అభయారణ్యంలోని రోడ్డును వాహనాలకు మూసివేస్తారు. మన్ననూరు వైపు నుంచి వచ్చేవారు అక్కడి చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోవాలి. రాత్రివేళ రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా పెట్టిన నియమం ఇది, ఎంతో అవసరమైనది. మరీ పెందలాడే వెళితే గేటు తెరిచేదాకా లారీల వెనక నిలబడాలి, ఆలస్యంగా వెళితే ఎండ ఎక్కి జంతువులు నీడకు పోతాయి. మా సఫారీ ఉదయం తొమ్మిదింటికి. నాలుగున్నరకు ఇంట్లో బయలుదేరితే ఏడున్నరకల్లా మన్ననూరు చేరతాము, ఆ తరువాత నాన్న కాళ్లు చాపుకోవడానికి, అల్పాహారానికి, మరుగుదొడ్డికి గంటకు పైగా వెసులుబాటు ఉంటుంది. ఆ గంట వృథా కదా అని మావారు అన్నారు. పెద్దవాళ్లు ఉన్నప్పుడు గంట చేతిలో ఉంచుకోవాలని నేను పట్టుబట్టాను.

సొంత కారుతో అడవి లోపలికి వెళ్లవచ్చని అనుకునేవారు చాలామందే ఉన్నారు. మా బంధువులు కూడా అదే అడిగారు. మన కారు గేటు దాకానే, లోపలికి అటవీ శాఖ వాహనంలోనే వెళ్లాలి. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే వీలుంది, వాహనం మొత్తం మనకే కావాలంటే అలాగే తీసుకోవచ్చు. మేము ఆరుగురం కాబట్టి అలాగే తీసుకున్నాము. టికెట్టు రాగానే ఆగిపోకుండా ఫోను చేసి రెండు సంగతులు కనుక్కున్నాను. జీపు ఎక్కడానికి మెట్టు ఎంత ఎత్తులో ఉంటుంది? డ్రైవరు పక్క సీటు పెద్దాయనకు ఇస్తారా? వెనక వైపు కూర్చుంటే రాళ్ల దారిలో నడుము ఎగిరిపడుతుందని, ముందు సీటే ఇప్పిస్తామని చెప్పారు. ఎక్కడానికి ఇంట్లోని చిన్న ప్లాస్టిక్ ముక్కాలిపీట తేవచ్చా అంటే, పీట తెచ్చుకోండిగానీ ప్లాస్టిక్‌ది వద్దన్నారు. చెక్క పీట పట్టుకుపోయాము. ఆ రోజంతటిలో అన్నిటికంటే ఉపయోగపడిన వస్తువు ఆ పీటే.

ఇక కారు. మావారు రోజూ నడిపే మనిషే అయినా రానూపోనూ దాదాపు మూడు వందల కిలోమీటర్లు, నడుమ అడవి ఎండ, అంత అలసట ఎందుకని ఏడుగురు కూర్చునే బండిని డ్రైవరుతో సహా అద్దెకు మాట్లాడాము. ముగ్గురిని విచారిస్తే ఒకరు తక్కువ ధరకు తెల్ల నంబరు ప్లేటు బండి ఇస్తామన్నారు. అది వద్దనుకున్నాను. సొంతానికి నమోదైన బండిని కిరాయికి తిప్పితే, దారిలో ఏదైనా జరిగినప్పుడు బీమా కంపెనీ పరిహారం ఇవ్వకుండా తిరస్కరించవచ్చు. ఆరుగురి ప్రాణాలు ఎక్కే బండి విషయంలో వెయ్యి రూపాయల ఆదా చూడకూడదు. పసుపు ప్లేటు బండినే, పన్నెండు గంటలకు, మూడు వందల కిలోమీటర్లకు మాట్లాడుకున్నాము. డ్రైవరు బత్తా అందులోనే ఉందా, టోలు ఎవరిది, గంటలు ఎక్కడి నుంచి లెక్కిస్తారు, వాళ్ల షెడ్డు నుంచా మా గుమ్మం నుంచా, కిలోమీటర్లు దాటితే ఎంత, ఇవన్నీ ఫోనులో మాట్లాడుకున్నాక మళ్లీ వాట్సాప్‌లో రాసి, అవతలివారి చేత "సరే" అనిపించాను. ఆ "సరే" తరువాత పనికి వచ్చింది.

మూడు వందల కిలోమీటర్ల హద్దు వల్ల ఇంకో మంచి జరిగింది. మల్లెల తీర్థం చూద్దామని, ఉమామహేశ్వరం వెళదామని, అంత దూరం వెళ్లి శ్రీశైల మల్లన్న దర్శనం చేసుకోకుండా ఎలా వస్తామని ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చేర్చడం మొదలుపెట్టారు. మల్లెల తీర్థానికి వందల మెట్లు దిగి ఎక్కాలి, నాన్న మోకాళ్లకు అది కుదరదు, మార్చిలో అక్కడ నీరూ సన్నగిల్లుతుంది. శ్రీశైలం కలిపితే అది అడవి ప్రయాణం కాదు, తీర్థయాత్ర అవుతుంది, దానికి వేరే రోజు కావాలి. వద్దన్నప్పుడు అమ్మ కొంచెం నొచ్చుకున్నది. ఉమామహేశ్వరం మాత్రం వేళ మిగిలితే చూద్దామన్నాను. చివరికి వేళ మిగలలేదు, అది ఇప్పటికీ నా మనసులో బాకీగానే ఉంది.

సామాను సర్దడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌కు చోటు లేదు కాబట్టి స్టీలు బిందె చెంబులు కాకపోయినా స్టీలు సీసాలు, స్టీలు క్యారియరు తీసుకువెళ్లాము. పులిహోర, దద్దోజనం, నాన్నకు విడిగా జొన్నరొట్టె. మన్ననూరు దాటితే ఫోనులో సిగ్నల్ నమ్మలేము, అందుకని టికెట్టు కాగితం మీద ముద్రించి పెట్టుకున్నాను. అందరికీ మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు. సెంటు వద్దన్నాను. బంగారు అంచు చీర మానుకోవడానికి అమ్మ రెండు రోజులు ఆలోచించింది.

బయలుదేరే రోజు బండి నాలుగు ఇరవైకే వచ్చి గుమ్మం ముందు ఆగింది. నేను సంతోషంగా సామాను పెట్టించబోతూ డ్రైవరు ముఖం చూశాను. ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "రాత్రి నిద్రపోయావా బాబూ?" అని అడిగితే కొంచెంసేపు తల దించుకుని, "ఎయిర్‌పోర్టు డ్యూటీ పడింది మేడం, రెండింటికి దింపి వచ్చిన. దారిలో చాయ్ తాగుత, ఏం కాదు" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. వరసగా రెండు పనులు అప్పజెప్పిన యజమానిది తప్పు. ఆ రోడ్డు మీద పొద్దుటి చీకట్లో బయలుదేరి మూడు గంటలు నడపాలి, తరువాత మళ్లీ వెనక్కు రావాలి. యజమానికి ఫోను చేసి ఇంకో డ్రైవరును పంపితేనే కదులుతామని, లేదంటే ప్రయాణం మానుకుంటామని చెప్పాను. ఆయన మొదట కోపపడ్డారు, ఆ తరువాత బతిమాలారు, చివరికి ఒప్పుకున్నారు. మారు డ్రైవరు, నడివయసు మనిషి, వచ్చేసరికి అయిదున్నర దాటింది. అంతసేపూ ఆ కుర్రవాడు మా వరండాలో చాప మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. అతణ్ణి అలా చూశాక ఆలస్యమైందన్న బాధ నాకు మిగలలేదు.

అయిదు నలభైకి కదిలాము. స్టెప్నీ టైరు గాలి చూపించమని అడిగి చూశాకనే కదిలాము. తుక్కుగూడ దాటి, కడ్తాల్, ఆమనగల్లు మీదుగా కొట్ర చౌరస్తాకు చేరేసరికి బాగా వెలుతురు వచ్చింది. అల్పాహారం ఆగి తినడానికి ఇక వేళ లేదు, కారులోనే డబ్బా తెరిచి నాన్న చేతికి ఇడ్లీలు ఇచ్చాను, మాత్ర వేళ తప్పలేదు. డిండి దగ్గర డీజిలు నింపించాము. అడవిలో బంకు దొరుకుతుందని ఎదురుచూడకూడదు. హాజీపూర్ చౌరస్తా దాటాక కొండలు దగ్గరపడ్డాయి. ఆకులు రాలి బోసిపోయిన అడవిలో మోదుగ చెట్లు మాత్రం నిలువెల్లా పూసి ఉన్నాయి. నాన్న అద్దం దించి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక్కొక్క చెట్టు పేరూ తనకు తానే చెప్పుకుంటున్నట్లుగా పెదవులు కదుపుతున్నారు. నల్లమద్ది, ఏగిశ, చిరుమాను, తపసి, ఇప్ప.

మన్ననూరులో కాసేపు ఆగి, ఫరహాబాద్ గేటు చేరేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువ. నేను పట్టుబట్టి చేతిలో ఉంచుకున్న గంట అలా ఖర్చయిపోయింది. అది లేకపోతే జీపు మమ్మల్ని వదిలి వెళ్లేది కాకపోయినా, మా వేళలో కొంత తప్పకుండా పోయేది. చెక్క పీట వేసి నాన్నను ముందు సీటులో కూర్చోబెట్టాము. మాతో వచ్చిన గైడు ఒక చెంచు యువకుడు. దగ్గరలోని పెంటలోనే పుట్టి పెరిగినవాడు. చెంచుల గూడేన్ని పెంట అంటారని, ఈగలపెంట, దోమలపెంట అన్న ఊళ్ల పాత పేర్లలో ఉన్న మాట అదేనని నాన్న పిల్లలకు చెబుతుంటే అతను వెనక్కి తిరిగి, "పెద్దసారుకు మా సంగతి ఎరుకున్నదే" అన్నాడు. నాన్న తాను పనిచేసిన ఊరి పేరు చెప్పారు. ఆ తరువాత వాళ్లిద్దరి మధ్య సాగిన సంభాషణ వినడానికే ఈ ప్రయాణం చేసినట్లు నాకు అనిపించింది.

లోపలికి వెళ్లిన కొద్దిసేపటికే దుప్పుల మంద కనబడింది. చిన్నది గీత పెట్టింది. ఒక మలుపు దగ్గర గైడు చెయ్యెత్తి జీపు ఆపించాడు. దిగకూడదు కాబట్టి సీట్లోనుంచే కిందికి వంగి చూపించాడు. దారి మీది పిండిలాంటి దుమ్ములో ముందురోజు సాయంత్రం వెళ్లిన గస్తీ జీపు టైరు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి, చేపముళ్లలాగా. ఆ ముళ్ల మీద, వాటిని చెరిపేస్తూ, నాలుగు వేళ్ల గుండ్రటి అడుగు ఒకటి. దానికి జానెడున్నర దూరంలో ఇంకొకటి. "చిరుత సారూ. రాత్రి మా జీపు పోయినంక పడింది. గాలికి అంచు ఇంకా రాలలేదు చూడుండ్రి, పొద్దుగాలదే" అన్నాడు. కుక్క అడుగు కాదని ఎలా తెలుస్తుందని మావాడు అడిగాడు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుందని, రేచుకుక్క అడుగులో అయితే ప్రతి వేలి ముందూ గోరు గీత ఉంటుందని గైడు చెప్పాడు. అందరం వంగి చూశాము. గోరు గీతలు లేవు. మడమ మెత్త దగ్గర ఒక ఎండు తునికాకు నేలకు అతుక్కుపోయి, సగానికి విరిగి ఉంది. అంతకు కొద్ది గంటల ముందు ఆ బరువు అక్కడ పడిందన్న ఆలోచనకు పిల్లలు వాళ్లంతట వాళ్లే నిశ్శబ్దమైపోయారు. నేను ఐదు వారాలుగా ఎన్ని చెప్పినా రాని నిశ్శబ్దం అది.

దూరంగా ఒక కొండముచ్చు దగ్గినట్లుగా అరిచింది. జీపు ఇంజను ఆపి చాలాసేపు కూర్చున్నాము. చిరుత కనబడలేదు. ఒక సాసర్ పిట్ దగ్గర, అంటే వేసవిలో జంతువుల కోసం నేలలో పళ్లెంలా సిమెంటుతో కట్టి ట్యాంకరుతో నీరు నింపే తొట్టి దగ్గర, ఒక ఆడ కణితి నీరు తాగుతూ తల ఎత్తి మమ్మల్ని చూసింది. గడ్డం నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. అది మళ్లీ తల దించేదాకా మాలో ఎవరూ కెమెరా ఎత్తలేదు. హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో పెంచిన మూషిక జింకలను 2017లో ఈ అడవిలోనే విడిచిపెట్టారని నాన్నకు గుర్తుచేశాను. ఆయన పనిచేసిన రోజుల్లో వెదురు లారీలు బారులుగా వెళ్లేవట, ఇప్పుడు ఆ దారుల్లో గడ్డి లేచిందని ఆయన చూపించారు.

వ్యూ పాయింటు దగ్గర పీట వేసి నాన్నను దింపాము. నిజాం కాలపు వేటగాళ్ల విడిది శిథిలమై, గోడల్లోంచి మొక్కలు మొలిచి ఉంది. తాను వచ్చిన రోజుల్లో ఆ గోడలకు ఇంకా సున్నం ఉండేదని ఆయన అన్నారు. అంచు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి, కింద మెట్టలు మెట్టలుగా దిగిపోతున్న అడవిని చూస్తూ, పావుగంట కంటే ఎక్కువసేపే ఉండిపోయారు. మోకాలి సంగతి నేనే మరిచిపోయాను, ఆయనా మరిచిపోయారు. అమ్మ వెళ్లి పక్కన నిలబడి, "ఇక్కడికి నన్నెందుకు తీసుకురాలేదు అప్పట్లో?" అని అడిగింది. "అప్పట్లో నువ్వెక్కడున్నావు?" అన్నారు నాన్న. వాళ్ల పెళ్లి 1979లో జరిగింది.

తిరిగి మన్ననూరు వచ్చి నీడలో భోజనం చేశాము. నాన్నకు కళ్లు మూతలు పడుతున్నాయి. ఉమామహేశ్వరం వద్దని అమ్మే చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి అయిదుంబావుకు ఇల్లు చేరాము. మీటరు 296 కిలోమీటర్లు చూపింది. గంటలను మాత్రం ట్రావెల్స్ వారు ఉదయం నాలుగున్నర నుంచే లెక్కవేసి ముప్పావు గంటకు అదనంగా అడిగారు. వాట్సాప్‌లోని "బయలుదేరిన సమయం నుంచి" అన్న మాటను, దాని కింద వారి "సరే"ను చూపించాను. అదనం తీసివేశారు. మారు వచ్చిన డ్రైవరుకు మేమే కొంత ఇచ్చాము.

మళ్లీ వెళితే డ్రైవరు ముందు రాత్రి ఏ పని చేశాడో ముందురోజే ఫోను చేసి అడుగుతాను, అద్దె ఖరారు చేసేటప్పుడే ఆ మాట రాయించుకుంటాను. ఇంకొక మార్పు, ముందు సీటుకు ఒక మెత్త దిండు. చిన్నది జాబితాలో అయిదింటికి గీత పెట్టి, అడుగున తనే "చిరుత కాలు" అని ఒక గడి చేర్చి దానికీ గీత పెట్టింది. ఆ కాగితం ఇప్పుడు నాన్న డైరీలో ఉంది. వానాకాలం సెలవులు అయ్యాక, అక్టోబరులో గేట్లు ఎప్పుడు తెరుస్తారో కనుక్కోమని నిన్న నాకు చెప్పారు.